పాపను పంపే ముందు గేట్లు లెక్కపెట్టు

రాజమహేంద్రవరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఆదివారం నీవు ఫోనులో చెప్పిన సంగతి గురించి మూడు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పాపకు 16 ఏళ్ళు నిండాయి, ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంది, హైదరాబాదు శివార్లలో బయలు ప్రదేశంలో రెండు రోజులు జరిగే సంగీతోత్సవానికి ముగ్గురు స్నేహితురాళ్ళతో వెళ్తానని అడుగుతోంది. అల్లుడుగారు వద్దంటున్నారు, నీకేమో వద్దనడానికీ సరేననడానికీ కూడా మనసు ఒప్పడం లేదు. "పంపమంటారా, వద్దంటారా" అని నీవు అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేదు. ముప్పై ఏళ్ళకు పైగా పోలీసు ఉద్యోగంలో జనం గుమికూడే చోట్లలో బందోబస్తు చేసినవాణ్ణి కావడం వల్ల నాకు ఆ ప్రశ్న మీ ఇంట్లో కనబడిన తీరున కనబడలేదు.

మీ చర్చ అంతా లోపల ఏం జరుగుతుందోనన్న దాని చుట్టూనే తిరిగిందని నీ మాటలను బట్టి అర్థమైంది. ఎవరు కలుస్తారో, ఏం తాగుతారో, అవి ఎలాంటి పాటలో అన్నవి మీ భయాలు. అవి కాదనదగినవి కావు, వాటి గురించి తర్వాత రాస్తాను. కాని నన్ను అడిగితే, పదిమంది చేరే ఏ వేడుకలోనైనా మొదట భయపడవలసింది గేటు దగ్గర, ఆ తర్వాత వేదిక ముందు కిక్కిరిసి నిలబడే చోట, ఆపైన వేడుక ముగిసి అందరూ ఒక్కసారిగా బయటికి వచ్చే అరగంటలో. ఈ మూడింటి గురించి మీ ఇంట్లో ఎవరూ ఒక్క మాటైనా అనుకోలేదు.

2003 గోదావరి పుష్కరాలకు నేను ఇక్కడే డ్యూటీ చేశాను. 2015 పుష్కరాల నాటికి పదవీ విరమణ చేసి ఇంట్లో ఉన్నాను. ఆ జూలై 14న, మొదటి రోజు ఉదయాన, పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. అంత పొడవున నది ఉంది, వేరే ఘాట్లూ ఉన్నాయి, అయినా జనమంతా ఆ ఒక్క చోటికే చేరారు. 2023 నవంబరు 25న కొచ్చిలోని ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సంగీత కార్యక్రమం మొదలు కావలసిన వేళ వాన పడింది. బయట వేచి ఉన్నవారు తలదాచుకోవడానికి ఒక్కసారిగా గేటులోకి తోసుకు రావడంతో, లోపలికి దిగే మెట్ల మీద పడి నలుగురు చనిపోయారు. 2025 జూన్ 4న బెంగళూరులో క్రికెట్ విజయోత్సవానికి వచ్చిన జనంలో 11 మంది స్టేడియం గేట్ల దగ్గరే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకటి పుణ్యస్నానం, ఒకటి పాటల కార్యక్రమం, ఒకటి ఆటగాళ్ళకు సన్మానం. వేడుక మంచిదా చెడ్డదా అన్న దానితో ఆ మరణాలకు సంబంధం లేదు. పాపను తీర్థానికైతే అల్లుడుగారు నిశ్చింతగా పంపుతారు, పాటల వేడుకకైతే భయపడతారు. నా అనుభవంలో రెండు చోట్లా చూడవలసినవి ఒకటే.

"తొక్కిసలాట" అన్న మాట కూడా మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాట వినగానే కింద పడినవారిని కాళ్ళతో తొక్కడం మన కళ్ళ ముందు మెదులుతుంది. నిజానికి చాలామంది నిలబడే చనిపోతారు. చుట్టూ ఒత్తిడి పెరిగి ఛాతీ విచ్చుకోవడానికి చోటు లేకపోతే ఊపిరి లోపలికి పోదు, కేకలు కూడా పైకి రావు. 2021 నవంబరు 5న అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక సంగీతోత్సవంలో పదిమంది ఇలా ఊపిరాడకనే పోయారు, వారిలో తొమ్మిదేళ్ళ పిల్లవాడు కూడా ఉన్నాడు. చదరపు మీటరు చోటులో నలుగురు నిలబడితే మనిషి తన ఇష్టప్రకారం కదలగలడు; ఆరుగురు ఏడుగురు అయ్యాక కదిలేది మనిషి కాదు, జనం. పాపకు ఇది లెక్కలలో చెప్పవద్దు. చేతులు పైకెత్తి మళ్ళీ దించుకోవడానికి చోటు లేకపోతే, ఆ పాట ఎంత ఇష్టమైనదైనా సరే, ఆ క్షణాన అక్కడి నుంచి తప్పుకోవాలని చెప్పు. అప్పటికే ఇరుక్కుని ఉంటే రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోవాలి, తోపుకు ఎదురు నిలవకూడదు, తోపు కాస్త సడలినప్పుడు ఏటవాలుగా పక్కకు జరగాలి, కింద పడిన ఫోను కోసం గాని చెప్పు కోసం గాని వంగకూడదు. ఇనుప బారికేడ్లకు ఆనుకుని నిలబడితే వేదిక దగ్గరగా కనబడుతుందని పిల్లలు అక్కడికే పోతారు, వెనక నుంచి వచ్చే ఒత్తిడంతా మోసేది ఆ మొదటి వరుసే. వెనకగా, ఒక పక్కగా, బయటికి పోయే దారి కనబడే చోట నిలబడమను.

అందుచేత నీవు నిర్ణయం చెప్పే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. అల్లుడుగారూ నీవూ పాపను వెంటబెట్టుకుని ఆ స్థలానికి ఒకసారి వెళ్ళి రండి. లోపలికి పోయే గేట్లు ఎన్ని, వాటి వెడల్పు ఎంత, బయటికి వచ్చే దారులు వేరుగా ఉన్నాయా లేక లోపలికి పోయిన దారినే బయటికీ రావాలా, మెట్లు గాని పల్లం గాని ఉన్నాయా, వాన వస్తే బురద అయ్యే నేలా, అంబులెన్సు ఏ దారిన వస్తుంది, కారు ఆపుకోవడానికి రోడ్డు మీద ఎంత దూరంలో చోటు దొరుకుతుంది, ఇవన్నీ కళ్ళతో చూడండి. గేట్లు ఇంకా కట్టకపోతే నిర్వాహకులను అడగండి. వయసు నిబంధన ఏమిటో, 18 నిండనివారితో పెద్దవారు ఉండాలా అన్నది కూడా వారినే అడిగి తెలుసుకోండి. ఇంత చిన్న ప్రశ్నలకు సరిగా జవాబు చెప్పలేని నిర్వాహకుల దగ్గరికి నేనైతే పిల్లను పంపను. టికెట్టు విషయంలో కూడా జాగ్రత్త: ఎవరో స్నేహితురాలి అన్నయ్య తక్కువకు ఇప్పిస్తానన్నది తీసుకోవద్దు. ఒకే కోడును ఇద్దరు ముగ్గురికి అమ్మితే మొదట స్కాన్ చేయించుకున్నవారే లోపలికి పోతారు, మిగిలిన పిల్లలు రద్దీలో గేటు బయట చిక్కుబడతారు.

ఇక మీ భయాల సంగతి. తెలంగాణలో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలన్నది చట్టం. కౌంటరు దగ్గర ఎవరూ పాపకు ఇవ్వకపోవచ్చు గాని, వయసు వచ్చిన మరొకరు తెచ్చి చేతిలో పెట్టడాన్ని ఏ చట్టమూ అక్కడ నిలబడి ఆపలేదు. మూత తన చేతితో తీసిన నీళ్ళసీసా తప్ప మరేదీ తాగవద్దనీ, ఒకసారి కింద పెట్టిన సీసాను మళ్ళీ ముట్టవద్దనీ చెప్పు. అంతకంటే గట్టిగా చెప్పవలసిన మాట మరొకటి ఉంది: తనది కాని సంచీని ఒక్క నిమిషమైనా పట్టుకోవద్దు. "ఇది కాస్త చూస్తుండు" అని ఎవరైనా ఇచ్చిన సంచీలో మత్తు పదార్థం దొరికితే, అది తనది కాదని పోలీసుల ముందు నిరూపించుకోవలసిన భారం ఆ సంచీ ఎవరి చేతిలో ఉందో వారి మీద పడుతుంది. ఉద్యోగంలో ఉండగా అలా ఇరుక్కున్న పిల్లలనూ, స్టేషను మెట్ల మీద తెల్లవార్లూ కూర్చున్న వారి తల్లిదండ్రులనూ చూశాను కనుకనే ఇంత గట్టిగా రాస్తున్నాను.

చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క కట్టారు; ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. అంటే 100 డెసిబెల్స్ వద్ద మిగిలేది 15 నిమిషాలే. ఇలాంటి వేడుకలలో సగటు శబ్దం 100 డెసిబెల్స్‌కు మించకూడదనీ, శ్రోతలకు ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణాలు ప్రకటించింది. మెత్తటి ఇయర్‌ప్లగ్స్ మందుల షాపులో దొరుకుతాయి, ఖర్చు కూడా ఎక్కువ కాదు. నలుగురు పిల్లలకూ నీవే కొని ఇవ్వు. ఊరేగింపులలో లౌడ్‌స్పీకర్ల పక్కన ఏళ్ళ తరబడి నిలబడినందువల్ల నా కుడిచెవికి పోయిన వినికిడి తిరిగి రాలేదు. పాటంటే ప్రాణం పెట్టే పిల్లకు చెవులను కాపాడుకోవాలని చెబితే వింటుంది.

"ఆడపిల్ల కదా" అని మీ అత్తగారు అన్న మాటకు కోపం తెచ్చుకోవద్దు. ఆవిడ భయంలో లోకానుభవం ఉంది. కాని ఆ మాటతోనే చర్చ ముగించినందువల్ల మా ఇంట్లో ఏం జరిగిందో నీకు ఇంతవరకు చెప్పలేదు. మా పెద్దమ్మాయికి పదిహేడేళ్ళప్పుడు ఊళ్ళో ఒక సినీ సంగీత విభావరి జరిగింది. వెళ్తానని అడిగితే కారణం చెప్పకుండా వద్దన్నాను. స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటానని చెప్పి వెళ్ళింది. మధ్యలో కరెంటు పోయి జనం చెల్లాచెదురయ్యారు, తోడు వచ్చిన అమ్మాయి తప్పిపోయింది, ఆటోలు దొరకలేదు. ఒక కిళ్ళీకొట్టు దగ్గర కాయిన్ బాక్స్ ఫోను ముందు చేతిలో రూపాయి బిళ్ళ పట్టుకుని చాలాసేపు నిలబడి, నాకు ఫోను చేయడానికి ధైర్యం చాలక, నాలుగు కిలోమీటర్లు చీకట్లో నడిచి స్నేహితురాలి ఇంటికి చేరింది. ఆ రాత్రి నేను అదే ఊళ్ళో మరొక చోట బందోబస్తులో ఉండి ఎవరెవరి పిల్లలనో జాగ్రత్తగా రోడ్డు దాటిస్తున్నాను. ఈ సంగతి తనకు బిడ్డలు పుట్టాక ఎప్పుడో చెప్పింది. ఆ రూపాయి బిళ్ళ గుర్తుకు వచ్చినప్పుడల్లా ఈనాటికీ నాకు నిద్ర పట్టదు.

అందుకే పాపతో నీవు చేసుకోవలసిన ఒప్పందం ఒకటి ఉంది. ఏ వేళ, ఏ స్థితిలో ఫోను చేసినా ముందు వచ్చి ఇంటికి తీసుకుపోతారు, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా అడగరు, మందలించవలసింది ఏదైనా ఉంటే మర్నాడు. ఈ మాట నీవు ఒక్కదానివే చెబితే చాలదు, అల్లుడుగారి నోటితో పాప వినాలి. ఆయన ఈ మాట మనస్ఫూర్తిగా అనలేకపోతే అప్పుడు పంపవద్దు. భయం వల్ల ఫోను చేయని పిల్ల ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే ఒంటరిదైపోతుంది.

పాప చేయవలసినవీ ఉన్నాయి. ఎవరెవరు వస్తున్నారో, వారి తల్లిదండ్రుల నంబర్లేమిటో, ఎలా వెళ్ళి ఎలా వస్తారో, విడిపోతే ఎక్కడ కలుసుకుంటారో తానే కాగితం మీద రాసి ఇవ్వమను. రాసిన కాగితం చూస్తే పిల్ల ఎంత ఆలోచించిందో నీకు తెలుస్తుంది. మిగిలిన ముగ్గురి తల్లులతో నీవు స్వయంగా మాట్లాడు. అందరూ "మీరు పంపుతున్నారు కదా అని మేమూ పంపుతున్నాం" అంటే మాత్రం ఎవరూ ఏమీ ఆలోచించలేదని అర్థం. వేలమంది ఒకే చోట చేరితే ఫోను సిగ్నలు అందకపోవచ్చు, వీడియోలు తీసి తీసి బ్యాటరీ అయిపోవచ్చు. కనుక మీ ఇద్దరి నంబర్లు చిన్న చీటీ మీద రాసి దుస్తుల లోపలి జేబులో పెట్టించు. అత్యవసరానికి 112, పిల్లల సహాయానికి 1098 అన్న రెండు నంబర్లు నోటికి వచ్చి ఉండాలి.

తిరుగు ప్రయాణం పిల్లల చేతికి వదలవద్దు. రాత్రి పది దాటాక బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్నది సాధారణ నియమం, ప్రత్యేక అనుమతి ఉంటే మరి కాస్త పొడిగిస్తారు. ఏ వేళకు ఆపినా, ఆపిన మరుక్షణం అందరూ కలిసి గేట్ల వైపు నడుస్తారు, అందరూ కలిసి క్యాబుల కోసం వెతుకుతారు. అందుచేత చివరి గాయకుడి చివరి పాట వదులుకుని ఇరవై నిమిషాలు ముందే బయటపడాలన్నది నీ షరతుగా పెట్టు. పాపకు బాధగా ఉంటుంది, ఆ పాట కోసమే కదా వెళ్ళిందని వాదిస్తుంది. ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దు. అల్లుడుగారు గేటు దగ్గర కాకుండా అర కిలోమీటరు అవతల, ముందుగా చూసి పెట్టుకున్న చోట కారులో వేచి ఉంటే నలుగురినీ ఎవరింట్లో వారిని దింపి రావచ్చు.

నా మట్టుకు నన్ను అడిగితే పాపను మొదటి రోజు మాత్రం పంపుతాను, రెండో రోజు పంపను. రెండు రోజులూ ఎండలో నిలబడి, సరిగా తినక, నిద్ర లేక అలిసిపోయిన పిల్లకు రెండో రాత్రి వివేకం నిలవదు. రాత్రి ఎక్కడో బస చేసే ఏర్పాటైతే ఈ ఏడు వద్దనే చెబుతాను. వద్దనవలసి వస్తే కారణం దాచకుండా చెప్పు, ఏమేమి సమకూరితే వచ్చే ఏడు సరేనంటావో కూడా చెప్పు.

అల్లుడుగారికి ఈ ఉత్తరం చదివి వినిపించు. శనివారం ముగ్గురూ వెళ్ళి ఆ స్థలం చూసి వచ్చాక, ఆ రాత్రే నాకు ఫోను చేసి గేట్లు ఎన్ని ఉన్నాయో చెప్పండి. అవి పాపే లెక్కపెట్టి నాకు చెబితే బాగుంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న