ఏసీ కొనే ముందు, చిన్నీ

చిన్నీ,

అక్కయ్యపాలెంలో పాత ఇల్లు కొన్నారనీ, ఎండలు ముదిరేలోగా ఇల్లంతా పరీక్ష చేయించి కరెంటు ఖర్చు తగ్గించే పనులు పెట్టుకుంటున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో నిద్ర పట్టలేదు. తర్వాత దిగులుతోనూ పట్టలేదు.

పాత ఓనర్ని అడిగి ఏడాది బిల్లులు తీసుకో. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి లాగు, జారి వచ్చేస్తే రబ్బరు మార్పించు. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ రకం 30 దరిదాపు. రోజుకి పన్నెండు గంటలు తిరిగేచోట అర యూనిట్ మిగులుతుంది. ముందు పడగ్గదుల్లో మార్చండి.

ఏసీకి మాత్రం తొందరపడకు. అల్లుడు అప్పుడే షాపులో బేరం చేస్తున్నాడట, ఆపమను.

మర్రిపాలెంలో పైవాటాలో ఉండగా మీ పెదనాన్నకి బోనసు రాగానే రెండు టన్నుల ఏసీ కొన్నాం. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి తొమ్మిదింటికీ పెనంలా కాగుతుండేది. దాని కింద కంప్రెసరు ఆగితే ఒట్టు. బిగించడానికొచ్చిన కుర్రాడు లైట్లకి లాగిన సన్నవైరు నుంచే లైను ఇచ్చేశాడు. పక్కనే నిలబడి టీ ఇచ్చాను గానీ, ఒక్క మాట అడగలేదు. మే నెలలో ఓ అర్ధరాత్రి కాలిన వాసనకి మెలకువొచ్చింది. తెల్లటి సాకెట్టు గోధుమరంగుకి తిరిగి, మైనంలా కిందికి సాగి ఉంది. దాని కింద చాప మీద నువ్వు. మూడేళ్లదానివి, సెలవులకి వచ్చావు. మెయిన్ దింపేసి నిన్ను ఎత్తుకుని వీధిలోకి వచ్చేశాను. నా భుజం మీద నిద్రలేవనైనా లేవలేదు నువ్వు. ఈ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలీదు.

అందుకని ముందు వైరింగు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగు చూపించు. ఏసీకి బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికే ఒక ఎంసీబీ, అంటే లోడు మించితే తనంతట తనే పడిపోయే స్విచ్చి. డబ్బు చాలకపోతే సోఫా ఆపు, ఇది ఆపకు. ఆ తర్వాత మేడ మీద పగుళ్లు పూడ్పించి, ఎండని తిప్పికొట్టే తెల్ల కోటింగు వేయించు. అప్పుడు గదికి సరిపడా ఐదు స్టార్ల ఏసీ చాలు. ఇరవయ్యారులో పెట్టి ఫ్యాను వేసుకోండి.

సోలారు మంచిదే, కేంద్రం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఉంది. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలి చూసినదాన్ని. ఫ్రేము స్లాబుకి ఎలా బిగిస్తారో అడగకుండా సంతకం పెట్టకు. బ్యాటరీ లేకుండా వీధి కరెంటు లైనుకే కలిపే ఆన్‌గ్రిడ్ సోలారు, లైన్లో కరెంటు పోతే తనూ ఆగిపోతుందని కూడా తెలుసుకో.

ఎలక్ట్రీషియన్ ఏ రోజు వస్తాడో చెప్పు, తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాను. పాపని ఆ పూట మీ అమ్మ దగ్గర దింపు. బోర్డులు విప్పుతుంటే అది అక్కడ ఉండకూడదు.

మీ పెద్దమ్మ