మోకాళ్లతో మెక్సికోకి

ప్రశ్న: మా అబ్బాయి మెక్సికోలో ఇంజినీరు. గ్వానహ్వాతో అనే పాత ఊళ్లో ఇల్లు తీసుకుని, మూడు నెలలు ఉండమని మమ్మల్ని రమ్మంటున్నాడు. మాకు అమెరికా వీసా ఉంది. నాకు మోకాళ్ల నొప్పులు, ఇద్దరం శాకాహారులం. ఉండగలమా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఉండగలరమ్మా, కానీ ముందు మీవాణ్ణి ఒక్కటే అడగండి, ఇంటికి మెట్లెన్ని అని. వెండి గనుల వల్ల కొండల మధ్య ఇరుకు లోయలో పుట్టిన ఊరది, చాలా ఇళ్లకు కారు వెళ్లదు, సందులో మెట్లెక్కాల్సిందే, పైగా కుళాయి నీళ్లు తాగరు కాబట్టి ఇరవై లీటర్ల క్యాన్ కూడా ఆ మెట్ల మీదుగానే రావాలి (అది మీవాడి పని, మీరు ముట్టుకోకండి). కార్లు చాలావరకు ఊరి కింద సొరంగాల్లో తిరుగుతాయి. ఒకప్పుడు అక్కడ నది పారేది.

అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా వేరుగా అక్కర్లేదు. ఎన్ని రోజులు ఉండొచ్చో దిగినప్పుడు అధికారి నిర్ణయిస్తారు, 180కి మించదు. తిరుగు టికెట్ చేతిలో పెట్టుకోండి.

తిండికి టెన్షన్ వద్దు. మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు గింజలు, మిరపకాయలు మనకు కొత్తేం కాదు. కాకపోతే ఆ గింజల్లో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, 'సిన్ మాంతేకా' అంటే కొవ్వు లేకుండా అని, అది నేర్చుకుని వెళ్లండి. ఊరు దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంది, గిన్నెలో పప్పు ఓ పట్టాన ఉడకదు, కుక్కర్ తీసుకెళ్లండి. అక్టోబరులో సెర్వాంతీనో కళోత్సవానికి జనం విరగబడతారు, నిద్ర ముఖ్యమైతే ఆ నెల వదిలేయండి.