చెల్లి కిడ్నీ అక్కకు ఇవ్వమనే నవల మన ఇళ్ళల్లో జరిగేదేనా?

జోడి పికో రాసిన ‘మై సిస్టర్స్ కీపర్’ (2004) చదివి, మన దేశంలో ఇలా జరుగుతుందా అని ఒకరు నన్ను అడిగారు. లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న అక్కకు సరిపోయేలా ఎంచి మరీ కన్న చెల్లి అది. పుట్టినప్పటి బొడ్డుతాడు రక్తం నుంచి ఎముక మజ్జ దాకా ఇచ్చి ఇచ్చి, 13 ఏళ్ళకు కిడ్నీ అడిగేసరికి అమ్మానాన్నల మీద కోర్టుకెక్కుతుంది. (చివర ఏమవుతుందో చెప్పను. సినిమాలో మార్చేశారు, పుస్తకమే చదవండి.)

సగం ఇక్కడా జరిగింది. తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్న అన్న కోసం ఐవీఎఫ్‌లో (టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో) పిండాన్ని ఎంచి కన్న పాప మజ్జను 2020లో గుజరాత్‌లో ఎక్కించారు. కిడ్నీ సంగతి వేరు, 18 నిండని పిల్లల దగ్గర తీసుకోవడానికి మన చట్టం మామూలుగా ఒప్పుకోదు.

కానీ మా ఇంట్లో నా కిడ్నీ మాట వచ్చినప్పుడు నాకు 31. మాది అనంతపురం. అన్న రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నాడు, అమ్మకు షుగర్, వదిన గ్రూపు కలవలేదు. ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, ‘నీది కలిసిందంట పాపా, ఉగాది అయినాక పెట్టుకుందాం’ అంది, పెళ్ళి ముహూర్తం చెప్పినట్టు. ఇస్తావా అని ఒక్కరూ అడగలేదు, మా ఆయన్ను మాత్రం అడిగారు!

బెంగళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ అందర్నీ బయటికి పంపి, ‘ఇష్టం లేకుంటే నాతో చెప్పు, సరిపోలేదని మీవాళ్ళకు నేను చెప్పుకుంటా’ అంది. ఏడుపొచ్చేసింది నాకు. వారం గడువు అడిగి, ఇంకో టెస్టు ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చేశా.

ఆ వారంలోనే ఒకరోజు అన్నను చూడ్డానికి పోయినా. అర లీటరు బాటిల్‌కు పెన్నుతో గీతలు పెట్టుకున్నాడు, రోజంతటికీ అవే నీళ్ళు. మే నెల ఎండలో మూతలోకి వంచుకుని, ఆ మూతెడూ రెండుసార్లుగా తాగుతున్నాడు. కిడ్నీ మాట ఎత్తలేదు, పిల్లోడి స్కూలు ఫీజు కట్టినారా అని అడిగినాడు.

కిడ్నీ ఇచ్చేశా. కాబట్టి ఇవ్వబోయేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని గట్టిగా అడగండి, మొగుడైనా అమ్మైనా పక్కన ఉండకూడదు. ఇప్పుడు అన్న చెంబెడు మజ్జిగ ఎత్తి తాగేస్తాడు, నేను ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) చూపించుకుంటా. ఆ వారం సంగతి అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.