మెక్సికో వాళ్లు మామూలుగా మాట్లాడే స్పానిష్ పట్టుకోవడం ఎలా?

మూడు నెలలుగా యాప్‌లో పాఠాలు చేస్తున్నా, మీ టీమ్‌లో మెక్సికో వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటే ఒక్క ముక్క అర్థం కావట్లేదన్నారు. నాదీ అదే కథ. ఉద్యోగం మీద మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో రెండేళ్లున్నా. వెళ్లేనాటికి నా స్పానిష్ అంతా "కోమో ఎస్తాస్?" అని ఎవరైనా పలకరిస్తే "బియెన్", అంటే బాగున్నా, అనడం వరకే.

ఆ బియెనే కొంప ముంచింది. ఆ ఊళ్లో తోర్తా అవొగాదా అని ఒకటి తింటారు. గట్టి రొట్టెలో పంది మాంసం కూరి, ఎర్రటి మిరపకాయ పులుసులో ముంచిస్తారు. అవొగాదా అంటే మునిగింది అని. బండి దగ్గరమ్మాయి "మేదియా ఓ బియెన్?" అంది. ఎలా ఉన్నావంటోంది కాబోలనుకుని నవ్వుతూ "బియెన్, బియెన్" అన్నా. ఆవిడ అడిగింది సగం ముంచాలా, బాగా ముంచాలా అని! గుంటూరు వాణ్ణి, నాకేంటి అనుకుంటూ మొదలుపెట్టా. సగంలోనే కళ్లమ్మట ధారలు.

మంట తగ్గాక వెలిగింది. మన "బాగా" కూడా ఇంతేగా: బాగా ఉన్నా, బాగా కారం. ఇక స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం మానేశా. "మె గుస్తా ఎల్ కఫే" ఇంగ్లీషులో ఆలోచిస్తే తిరకాసు, తెలుగులో "నాకు కాఫీ ఇష్టం", అంతే. "మె దువేలె లా కబేసా", నాకు తల నొప్పెడుతోంది. మనం "తిన్నా" అంటే "నేను" ఎలా అక్కర్లేదో, వాళ్లకీ క్రియ చివరే మనిషి తెలిసిపోతాడు. ఒక్కచోట మాత్రం తెలుగు దెబ్బకొట్టింది. ఎవరైనా పిలిస్తే మనం "వస్తున్నా" అంటాం, వాళ్లు "యా బోయ్", అంటే "వెళ్తున్నా" అంటారు. నాకది నాలుక తిరగడానికి నెలలు పట్టింది.

ఇక వాడుక మాటలు. "అవొరీతా" అంటే ఇప్పుడే అని అర్థం, కానీ అది మన "దార్లో ఉన్నా" లాంటి ఇప్పుడే. "నో మాంచెస్" అంటే "ఊరుకోవోయ్!" కుర్రాళ్లు మాటకోసారి వాడే "వేయ్" మన "మామా", "రా" లాంటిది. ఆఫీసులో అలవాటై, మా వీధిలో తోర్తియాలు, అంటే మెక్సికో రొట్టెలు, అమ్మే కొట్టు పెద్దావిడనీ "కే ఓందా, వేయ్", అంటే "ఏంటి సంగతి, మామా" అని పలకరించేశా. వరసలో ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు! మీరు, నువ్వు తేడా ఎరిగినవాళ్లం, ఆ తప్పు చెయ్యకూడదు. పెద్దవాళ్లని "ఉస్తెద్", అంటే "మీరు", అనండి. వాళ్లు పిలిచినా, మాట వినపడకపోయినా "కే?", అంటే "ఏంటి?", అనకుండా "మాందే?" అనండి, మన "ఏమండీ?" లాగ. హోటల్లో ఎవరైనా తింటుంటే, తెలియనివాళ్లైనా సరే, పక్కనుంచి వెళ్తూ "ప్రొవేచో", అంటే "హాయిగా తినండి", అంటారు. నాకు బాగా నచ్చిన అలవాటది.

యాప్ మానక్కర్లేదు గానీ, అది ఏ దేశపు స్పానిష్ నేర్పుతోందో చూసుకోండి. బస్సెక్కడానికి స్పెయిన్‌లో "కొహేర్" అంటారు, మెక్సికోలో అది పచ్చి బూతు. మీరు "తొమార్" అనండి.