టోర్టోలా నుంచి 7 రోజుల సెయిలింగ్: మొదటి రోజే అనెగాడా వద్దు (సమాధానం)

మీ ఆవిడకు పడవలో కడుపులో తిప్పుతుందన్నారు కాబట్టి, టోర్టోలా దీవి నుంచి తెరచాప పడవలో 7 రోజులు తిరిగే మీ ప్లాన్‌లో మొదటి రోజే అనెగాడా దీవి పెట్టడం ముందు మార్చండి. ఈ రెండూ ఉన్న కరీబియన్ దీవులు బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో గాలి ఎక్కువగా తూర్పు నుంచే వస్తుంది, డిసెంబర్, జనవరిల్లో మరీ జోరు. టోర్టోలా నుంచి నేరుగా అనెగాడా వెళ్తే ఎదురుగాలి, బయటి సముద్రపు అలలు రెండూ తగులుతాయి.

మొదటి రాత్రి నార్మన్ ఐలాండ్‌లోని బైట్ అనే అఖాతం, రెండో రాత్రి కూపర్ ఐలాండ్. మూడో రోజు పొద్దున్నే వర్జిన్ గోర్డా దీవిలోని బాత్స్‌కి (పెద్ద బండరాళ్ల తీరం) వెళ్లండి. ఆలస్యమైతే పడవ కట్టే బోయాలు (నీటిపై తేలే గుర్తులు) ఖాళీ ఉండవు, రాత్రి అక్కడ ఆగకూడదు. ఆ రాత్రికి అదే దీవిలోని నార్త్ సౌండ్ అఖాతం. అక్కణ్నుంచి అనెగాడా సుమారు 13 నాటికల్ మైళ్లే, గాలి పక్కనుంచి వస్తుంది. 9 గంటలకు బయల్దేరితే ఎండ నడినెత్తిన ఉండగా చేరతారు, పడవ తగలకుండా తప్పించుకోవాల్సిన నీటి అడుగు పగడపు దిబ్బలు అప్పుడే బాగా కనిపిస్తాయి. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర డాక్టర్‌ని అడిగి, బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేస్తే పెద్దగా లాభం లేదు.

బోయాకు కట్టేటప్పుడు గాలికి ఎదురుగా, మెల్లగా రండి. రెండు తాళ్లు వాడండి: ఒక్కోటీ పడవ ముందు భాగంలో ఒక్కో వైపున్న తాడు కట్టే కొక్కెం నుంచి బోయా తాడు కంటిలోంచి (చివరి ఉచ్చు) దూర్చి, మళ్లీ అదే వైపు కొక్కేనికే కట్టాలి. ఒకే తాడు కుడి నుంచి ఎడమకు వేస్తే, పడవ ఊగినప్పుడల్లా కంటిలో రాపిడై రాత్రికి రాత్రే అరిగిపోవచ్చు.

పక్కనే కనిపించే సెయింట్ జాన్ అమెరికాది. వీసా లేకుండా అటు తిప్పకండి.