టైమర్ పెట్టుకుని, వెనకాల మెల్లగా సంగీతం పెట్టుకుని చదివితే మనసు నిలుస్తుందా?

మీరు శ్రీకాకుళంలో హాస్టల్ గదిలో ఉండి పోటీ పరీక్షకి చదువుతున్నారు, పుస్తకం తెరిచిన పది నిమిషాలకే ధ్యాస ఎటో పోతోంది, పాతిక నిమిషాల టైమరూ మెల్లటి సంగీతమూ పెట్టుకుంటే కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. 2025 మెగా డీఎస్సీలో, అంటే టీచర్ల నియామక పరీక్షలో, చిన్న తరగతులకి చెప్పే ఎస్జీటీ పోస్టుకి నేను అలాగే చదివాను. కాకపోతే మొదటి మూడు వారాలు తప్పుగా చేసి, ఇది మనకి పడదని వదిలేయబోయాను. ఆ తప్పు ఎక్కడుందో ముందు చెబుతాను.

మా ఇల్లు విజయనగరంలో, గంటస్తంభం దగ్గర సందులో. కింద కొట్లు, పైన మేము. పొద్దున్న షట్టర్లు లేచిన దగ్గర్నుంచి రాత్రి అవి దిగేదాకా ఆటోల హారన్లు ఆగవు. దానికి తోడు అదే ఏడు అక్క పురిటికి వచ్చింది. రెండు గదుల ఇల్లు, ఉయ్యాల్లో పసిపిల్ల. అర్ధరాత్రి చదువుకుందామంటే పాప లేచేది కూడా అప్పుడే.

ఈ పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, పుస్తకం ముందు కూర్చోలేక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ తెచ్చుకుని మొదలుపెట్టాడు. వాళ్ల భాషలో టమాటాని పొమొడోరో అంటారు, ఆ పేరే పద్ధతికీ వచ్చింది. 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాలు విరామం. అలా నాలుగు అయ్యాక పావుగంట నుంచి అరగంట దాకా పెద్ద విరామం.

నేను దీనికి ఫోన్లో యాప్ వేసుకున్నాను. సంగీతం కూడా అదే ఫోన్లో, యూట్యూబ్‌లో. గంట మోగగానే ఆపడానికి ఫోన్ చేతిలోకి తీసుకోవాలి కదా, తీసుకుంటే పైన వాట్సాప్‌లో కోచింగ్ గ్రూపు మెసేజీలు ముప్పై కనిపిస్తాయి. అయిదు నిమిషాల విరామం నలభై నిమిషాలయ్యేది. పోనీ చదివేటప్పుడైనా ప్రశాంతంగా ఉండేదా అంటే, మంచి వీణ మధ్యలో ఒక్కసారి ప్రకటన గట్టిగా అరిచేది. ఉలిక్కిపడి ఫోన్ తీసేదాన్ని. తీశాక మళ్లీ అదే కథ. టైమరూ సంగీతమూ రెండూ ఫోన్లోనే ఉంటే రెండూ పనిచెయ్యవు. నేను చెప్పదలుచుకున్న వాటిలో ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ మీ వీలుని బట్టి మార్చుకోవచ్చు, దీన్ని మాత్రం మార్చకండి.

స్టీలు సామాన్ల కొట్లో రెండు వందల లోపే తిప్పే టైమర్ దొరికింది. చేత్తో తిప్పి బల్ల మీద పెడితే టిక్కు టిక్కుమంటూ వెనక్కి తిరిగి సున్నా దగ్గర గణగణమంటుంది. మొదటిరోజే పాప ఉలిక్కిపడి లేచింది. "ఏటే, గుంట లెగిసిపోద్ది, ఆపెయ్ దాన్ని" అని అమ్మ వంటింట్లోంచి అరిచింది. అప్పట్నుంచి దాన్ని పాత తువ్వాల్లో రెండు చుట్లు చుట్టి ఒళ్లో పెట్టుకునేదాన్ని. చప్పుడు బయటికి రాదు, తొడ మీద అదురు తెలుస్తుంది. చివరికి అదే బాగా కలిసొచ్చింది. ఇంకెంతసేపుందో అని చూద్దామన్నా అంకె కనిపించదు, కాబట్టి చూడ్డం మానేశాను.

సంగీతానికి తమ్ముడి పాత ఫోన్ వాడాను. సిమ్ తీసేసి, మెమరీ కార్డులో ఫైళ్లు వేసుకున్నాను. ఇంటర్నెట్ లేదు కాబట్టి ప్రకటనలూ లేవు, మెసేజీలూ లేవు.

ఇక ఏం వినాలి అన్నది. దీని మీద నేను చాలా తంటాలు పడ్డాను. పాటలు వద్దని ఎవరైనా చెబుతారు. చదివే మాటలూ వినే మాటలూ బుర్రలో ఒకే దారిన పోతాయి, ఒకదానికొకటి అడ్డం పడతాయి. అందుకని సినిమా పాటల వేణువు, కీబోర్డు వాయింపులు పెట్టుకున్నాను. వాటిలో మాటలుండవు గానీ, పల్లవి వరస వినగానే మాటలు మనమే లోపల పాడేస్తాం! పిల్లల వికాస దశలు చదువుతూ పేజీ చివరికొచ్చేసరికి చరణం పూర్తయ్యేది, పేజీలో ఏముందో గుర్తుండేది కాదు.

మా పిన్ని కూతురు ఇక్కడే మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. 1919లో పెట్టిన కళాశాల అది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ చెప్పిన చోటు. తనని అడిగితే, "నీకు వచ్చిన పాటేదీ పెట్టుకోకే అక్కా, కీర్తనలు కూడా వద్దు, ఒట్టి ఆలాపన పెట్టుకో" అంది. ఆలాపనలో సాహిత్యం ఉండదు, తాళం కూడా ఉండదు. కాలు ఆడించడానికి కూడా ఏమీ దొరకదన్నమాట. వయొలిన్ నాకు కొంచెం పదునుగా అనిపించింది, వీణ సరిపోయింది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్ర తొలిచి చేసే వీణల్ని మీరూ చూసే ఉంటారు. తీగ మీటాక నాదం ఒక్కసారిగా తెగిపోదు, సన్నబడుతూ పోతుంది. అది పూర్తిగా పోయేలోపు ఇంకో స్వరం వస్తుంది. ఆ సందులో మన ఆలోచనకి చోటు ఉంటుంది. మూడు ఆలాపనలు తీసుకుని, అవే, అదే వరసలో, రెండు నెలలు విన్నాను. కొత్తవి వెతకలేదు.

అవే ఎందుకంటే, నేను డీఎస్సీకి చదివిన సైకాలజీలోనే ఉంది, పావ్లోవ్ శాస్త్రీయ నిబంధనం. గంట మోగితే కుక్కకి లాలాజలం ఊరినట్టు, పదిహేను ఇరవై రోజులకి మొదటి మీటు వినగానే నా చెయ్యి దానంతటదే పెన్ను దగ్గరికి పోయేది. అందుకే ఆ మూడింటినీ చదువుకి తప్ప ఇంక దేనికీ వినలేదు. బట్టలు ఆరేస్తున్నప్పుడు కూడా వినలేదు.

ఎంత చప్పుడు పెట్టాలంటే, ఫ్యాను తిరిగే శబ్దం దాని వెనక వినిపించాలి. వినిపించకపోతే ఎక్కువైనట్టు.

లెక్కల దగ్గర పాతిక నిమిషాలు నాకు చాల్లేదు. సరిగ్గా దారి దొరికే వేళకి టైమర్ అదిరేది. వాటికి నలభై నిమిషాల చదువూ, పది నిమిషాల విరామమూ పెట్టుకున్నాను. ఆలాపన బదులు ఒట్టి తంబురా శ్రుతి. మెథడ్స్‌కీ, అంటే బోధనా పద్ధతులకీ, సైకాలజీకీ పాతికే బాగుంది. పేరా మధ్యలో గంట మోగినా అక్కడే ఆపేసేదాన్ని. సగంలో వదిలిన పని పూర్తయినదానికంటే ఎక్కువ గుర్తుంటుందని మనస్తత్వవేత్త జైగార్నిక్ 1927లో చెప్పినది కూడా ఆ సిలబస్‌దే. పేరా పూర్తిచేసి లేచిన రోజుల కంటే, సగంలో లేచిన రోజులే నేను తొందరగా వెనక్కి వచ్చి కూర్చున్నాను. కవుల బిరుదులు, కరెంట్ అఫైర్స్ లాంటివి బట్టీ పట్టేటప్పుడు మాత్రం ఏ సంగీతమూ వద్దు. వాటిని పైకి చదవాలి, మీ గొంతు మీకు వినబడాలి.

విరామంలో ఏం చెయ్యాలన్నది చాలామంది పట్టించుకోరు. కళ్లకీ కాళ్లకీ పని చెప్పాలి, బుర్రకి చెప్పకూడదు. నేను డాబా మీదికెళ్లి పాప గుడ్డలు మడతపెట్టి తెచ్చేదాన్ని, లేదా బిందెతో నీళ్లు పట్టేదాన్ని. చదువుతుండగా "సర్టిఫికెట్ జిరాక్సు తియ్యాలి", "స్నేహితురాలికి ఫోన్ చెయ్యాలి" అని గుర్తొస్తే లేవకుండా పుస్తకం పక్కన చీటీ మీద రాసి పెట్టేదాన్ని. రాస్తే అది ఊరుకుంటుంది. ఒక్కో టైమర్ అయ్యాక గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ఒక గీత. మొదట్లో రోజుకి నాలుగు గీతలు కష్టం. పోనుపోను పదీ పన్నెండు వచ్చాయి. పాపకి జ్వరం వచ్చిన మూడు రోజులు గడి ఖాళీ. ఆ ఖాళీలు చూసి నేను బాధపడలేదు, మీరూ పడకండి.

ఇంకో మాట, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఎస్జీటీ పరీక్ష 160 ప్రశ్నలు, రెండున్నర గంటలు, కంప్యూటర్ ముందు ఏకబిగిన కూర్చోవడం. అక్కడ పాతిక నిమిషాలకి ఎవరూ గంట కొట్టరు, వీణ వినిపించదు. జూన్‌లో పరీక్షలు మొదలయ్యాయి, నేను మే మొదట్లో మాక్ టెస్టు రాస్తే గంట దాటగానే తల పైకి లేచిపోయింది, పక్క చూపులు. అలవాటు అటువైపు తిరిగిపోయిందన్నమాట. అప్పుడు టైమర్‌ని వారానికి కొంచెం చొప్పున యాభైకి, డెబ్బై అయిదుకి, చివరికి నూట యాభైకి పెంచాను. నా టైమర్ అరవై వరకే తిరుగుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ తిప్పుకోవాల్సి వచ్చేది. సంగీతం పూర్తిగా ఆపేశాను. మొదటి నాలుగు రోజులు గదంతా బోసిగా అనిపించింది, తర్వాత సర్దుకుంది. మీ పరీక్ష ఏదైనా చివరి నెల ఇలా విడిపించుకోండి. అంతకంటే ముందు మొదలుపెట్టకండి.

నాకు పోస్టు వచ్చింది. ఇప్పుడు గజపతినగరం వైపు ఒక బడిలో చెబుతున్నాను. రాత్రి పాఠ్య ప్రణాళిక రాసేటప్పుడు ఇప్పటికీ ఆ టైమరే, ఆ తువ్వాలే.

మీ హాస్టల్ గదిలో ఇంకా ఇద్దరున్నారని రాశారు. ఇయర్‌ఫోన్స్ ఒక చెవికే పెట్టుకోండి, రెండూ మూసుకుంటే తలుపు కొట్టారేమోనని మనసు పీకుతూ ఉంటుంది. మెసేజీలొచ్చే ఫోన్‌ని పక్క గదిలో మీ స్నేహితుడికిచ్చి, పెద్ద విరామం దాకా అడిగినా ఇవ్వొద్దని చెప్పండి. టైమర్‌ని తువ్వాల్లో చుట్టడం మర్చిపోకండి, పక్కవాళ్లకీ పరీక్షే కదా. వారం చేశాక రోజుకి ఎన్ని గీతలు పడ్డాయో, ఏ సబ్జెక్టు దగ్గర ఎక్కువ లేచిపోతున్నారో ఇక్కడే రాయండి, నిమిషాలు ఎంత పెట్టాలో చూద్దాం.