కుక్కను తెచ్చుకున్నాక పక్కింటివాళ్ళు దూరమయ్యారు, ఏం చేయాలి?

సందేహం: డాలస్ పక్కన ఇర్వింగ్‌కి వచ్చి ఎనిమిది నెలలైంది. నాకు ఇంకా ఉద్యోగం చేసే అనుమతి లేదు. రెండు నెలల క్రితం షెల్టర్ (దిక్కులేని జంతువులను ఉంచే చోటు) నుంచి ఒక కుక్కను తెచ్చుకున్నాం. అప్పటినుంచి మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ళు మాతో లిఫ్ట్ ఎక్కడం మానేశారు. కింది ఇంట్లోవాళ్ళు ఆఫీసులో కంప్లయింట్ ఇచ్చారు. వచ్చే నెల అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు, వాళ్ళకు కుక్కలంటే భయం. తిరిగి ఇచ్చేద్దామని మావారు అంటున్నారు.

జవాబు: ఇచ్చేయొద్దు. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది తీరిగ్గా చెబుతాను. నాకంటే చాలా చిన్నదానివి కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను, ఏమీ అనుకోకు చెల్లీ. నీ ఉత్తరమంతా కుక్క గురించే ఉంది. కానీ ఉద్యోగానికి అనుమతి లేదన్న ఆ ఒక్క వాక్యం దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. నీకు అసలు ఏది తక్కువైందో నాకు తెలుసు. నేనూ ఆ దశ దాటి వచ్చినదాన్నే.

2010లో ఖమ్మం నుంచి ఇదే ఊరికి హెచ్4 వీసా మీద వచ్చాను, ఉద్యోగానికి వచ్చిన భర్త వెంట వచ్చేవాళ్ళకు ఇచ్చే వీసా అది. అప్పట్లో హెచ్4 వాళ్ళకు పని చేసే వీలే లేదు. 2015 మేలో ఆ దారి తెరుచుకుంది, అదీ భర్త గ్రీన్‌కార్డు ఒక దశ దాటినవాళ్ళకే. మావారు సోమవారం తెల్లవారుజామున ఫ్లైట్ ఎక్కి క్లయింట్ ఊరికి వెళితే గురువారం రాత్రి వచ్చేవారు. ఆ నాలుగు రోజులూ నేను నోరు తెరిచి మాట్లాడేది అమ్మతో ఫోన్లోనే. మధ్యాహ్నం మరీ కష్టంగా ఉండేది, ఆ వేళకు అక్కడ అర్ధరాత్రి కదా, అమ్మను లేపలేను. ఫ్రిజ్ మోటారు ఆగితే ఆగిందని తెలిసేంత నిశ్శబ్దం. అలా 14 నెలలు గడిచాక మావారే ఒక శనివారం షెల్టర్‌కి తీసుకెళ్ళారు. గోధుమరంగు చిన్న కుక్క, ఒక చెవి నిలబడి, ఒకటి వాలిపోయి. చిట్టి అని పేరు పెట్టుకున్నాను.

అక్కడే మొదటి తప్పు చేశాం. అద్దె సంగతులు చూసే లీజింగ్ ఆఫీసుకు చెప్పలేదు. మా కాంప్లెక్స్‌లో అప్పట్లో పెట్ ఫీజు 300 డాలర్లు, పైగా నెలనెలా పెట్ రెంట్ 20. ఒక్క జీతం మీద ఇల్లు నడుస్తోంది, ఇంటికి డబ్బు పంపాలి, ఎందుకులే అనుకున్నాం. చిట్టిని తువ్వాల్లో చుట్టి, కూరగాయల సంచీలో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు వెనక మెట్ల మీదుగా దిగేదాన్ని. ఏసీ ఫిల్టర్ మార్చడానికి వచ్చిన మెయింటెనెన్స్ ఆయన చూశాడు. మూడో రోజు తలుపుకు నోటీసు. ఫీజూ కట్టాం, దానిమీద జరిమానా కూడా కట్టాం. డబ్బు పోతే పోయింది. అలా దాచిన ఆరు వారాలూ ఎవరైనా చూస్తారేమోనని నేను మనుషుల్ని తప్పించుకుని తిరిగాను, ఇప్పటికీ అదే బాధ. ఒంటరితనం పోవాలని కుక్కను తెచ్చుకుని, దాన్ని దాచడం కోసం ఇంకా ఒంటరినయ్యాను. నీ లీజులో కుక్క పేరు లేకపోతే రేపే వెళ్ళి రాయించు. డిపాజిట్ అయితే తిరిగొస్తుంది, ఫీజు రాదు, పెట్ రెంట్ నెలనెలా పడుతుంది. కొన్ని జాతులకు, కొంత బరువు దాటినవాటికి అనుమతి ఉండదు. అవన్నీ నీ లీజులోనే ఉంటాయి, చదువుకో. టెక్సస్‌లో రేబీస్ టీకా తప్పనిసరి. వైకల్యం ఉన్నవాళ్ళకు తోడుండే జంతువులకు చట్టం వేరు, ఫీజు తప్పించుకోవడానికి ఆన్‌లైన్లో అలాంటి సర్టిఫికెట్ కొనే పని మాత్రం పెట్టుకోకు.

ఇక కింది ఇంటి సంగతి. మా కిందా ఒకావిడ ఉండేది, యాభై దాటిన అమెరికన్. రెండుసార్లు కంప్లయింట్ ఇచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మనం ఇండియన్లమని ఇలా చేస్తోందని మావారితో అన్నాను, ఆవిడ కారు కనబడితే కిందికి దిగేదాన్ని కాదు. ఒకరోజు ఉత్తరాల పెట్టెల దగ్గర ఎదురుపడ్డాం, తప్పించుకునే వీల్లేదు. ఆవిడ వంగి చిట్టి పేరు అడిగింది. చెప్పాను. ‘చిటీ, చిటీ’ అని రెండుసార్లు పలికి చూసుకుని, లేచి, మరి నీ పేరేంటి అంది. ఆ కాంప్లెక్స్‌లో అన్ని నెలలున్నాను, నా పేరు అడిగిన మొదటి మనిషి ఆవిడే. గొంతు పెగల్లేదు నాకు. ఆవిడ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సట. పొద్దున ఎనిమిదింటికి వచ్చి మధ్యాహ్నం మూడింటిదాకా పడుకుంటుందట. ఇక్కడి అపార్ట్‌మెంట్లు మన ఊళ్ళో స్లాబు ఇళ్ళలా కాదు, చెక్క మీద కట్టినవి. కుక్క పరిగెత్తితే గోళ్ళ టకటక కింద మంచం దాకా వినబడుతుంది. మనం శనివారం గుడికీ, ఇండియన్ స్టోర్‌కీ వెళ్ళి నాలుగు గంటలు తిరిగొచ్చేలోపు అది ఏడ్చిన ఏడుపు మనకు వినబడదు, వాళ్ళకు వినబడుతుంది. ఆ సాయంత్రమే మందపాటి తివాచీ కొన్నాం. గోళ్ళు కత్తిరించడం నేర్చుకున్నాను. ఒంటరిగా వదలడం పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంట, గంట అంటూ మెల్లగా అలవాటు చేశాను. ఆవిడ తన ఫోన్ నంబరు ఇచ్చి, అరిస్తే ఆఫీసుకు కాదు నీకే చేస్తానంది. డాక్టరు, ఇన్సూరెన్సు కాకుండా నా ఫోన్లోకి ఎక్కిన మొదటి అమెరికన్ నంబరు అది.

లిఫ్ట్ విషయంలో మాత్రం తప్పు కుక్క ఉన్నవాళ్ళదే. నీకు కోపం వచ్చినా ఇదే చెబుతాను. నేను సాగే తాడు ఉన్న లీష్ (కుక్కను పట్టుకునే పట్టీ) వాడేదాన్ని. ఒకరోజు లిఫ్ట్ తలుపు తెరుచుకునేసరికి చిట్టి లోపలికి దూకింది. లోపల ఒక తెలుగు పెద్దావిడ, నేత చీర, దానిమీద స్వెటర్, చేతిలో స్టీలు గిన్నె. గోడకు అతుక్కుపోయింది. గిన్నె జారి, మూత ఊడి, ముద్దపప్పు నేలమీద పడింది. నేను ‘ఏం చేయదండీ, ఏం చేయదు’ అంటూనే ఉన్నాను. కుక్క ఉన్న ప్రతివాళ్ళూ అనే మాట అది, భయపడినవాళ్ళకు దేనికీ పనికిరాని మాట కూడా అదే. తర్వాత పళ్ళు పట్టుకుని ఇంటికెళ్తే ఆవిడ చెప్పింది. చిన్నప్పుడు అన్నను పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు వేయించారట, పక్క ఊరి ఆసుపత్రికి రోజూ ఎద్దుబండి మీద తీసుకెళ్ళేవారట, వెంట తనూ వెళ్ళేదట. ఆ ఏడుపు విన్న మనిషికి కుక్క దగ్గరకు రావడమే చాలు. మనవాళ్ళ భయాన్ని చాదస్తం అనకు. పొట్టి లీష్ వాడు. లిఫ్ట్ తెరుచుకుంటే ఒక అడుగు వెనక్కి వేసి, కుక్కను కూర్చోబెట్టి, ‘మీరు వెళ్ళండి ఆంటీ, మేము తర్వాత వస్తాం’ అను. నెలరోజులు అలా చెయ్యి. ఆ పెద్దావిడే ఐదో వారంలో ‘పర్లేదు రామ్మా, ఆ మూల నిలబెట్టు’ అంది.

ఆ తర్వాతే కుక్కలున్నవాళ్ళం నలుగురం కలిసి మేనేజర్ దగ్గరికి వెళ్ళాం. కుక్కల వ్యర్థాలు వేసే డబ్బా, సంచుల పెట్టె కాంప్లెక్స్ మొత్తానికి ఒక్కటే ఉండేది, అదీ ఈత కొలను పక్కన. మా బిల్డింగ్ నుంచి అంతదూరం రాత్రిపూట ఎవరు నడుస్తారు? గడ్డిలో వదిలేసి వెళ్ళిపోయేవాళ్ళు, ఆ కోపం కుక్కలున్న అందరి మీదా పడేది. ఊరికే అడిగితే చూద్దాం అన్నారు. అప్పుడు నేను కుక్కలున్న 11 ఇళ్ళ నంబర్లు, ఒక్కొక్కరి లీజు ఏ నెలలో అయిపోతుందో కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ఇల్లు ఖాళీ పడితే వాళ్ళకు ఎంత నష్టమో వాళ్ళకు తెలుసు. రెండు వారాల్లో ఇంకో డబ్బా, దానిమీద ఒక దీపం వచ్చాయి. పనిలో పనిగా పిల్లలు ఆడుకునే చోటికి కుక్కలు రాకూడదన్న బోర్డు కూడా మేమే అడిగి పెట్టించాం. కుక్కలున్నవాళ్ళే అది అడిగారని తెలిశాక తల్లుల ముఖాలు మారిపోయాయి. ఇంగ్లిష్ సరిగా రాదని కౌంటర్ దగ్గర నోరు విప్పనిదాన్ని, ఆ కాగితం పట్టుకుని మేనేజర్ ఎదురుగా కూర్చున్నాను. ఈ రోజుకీ నాకు గర్వంగానే ఉంటుంది. ఇప్పుడు వచ్చే పిల్లలకు చేతిలో ఫోనుంది, గ్రూపులున్నాయి, అయినా ఇంట్లో కూర్చుని బాధపడతారెందుకో!

ఇంకో సంగతి. ఇక్కడ జులైలో సిమెంటు దారి అరచేయి ఆనించలేనంత కాలుతుంది, దాని పాదాలూ అంతే కాలతాయి. అందుకని కుక్కలున్నవాళ్ళంతా పొద్దున ఏడులోపే బయటపడతారు. నువ్వూ అప్పుడే వెళ్ళు. ఆ అరగంటలో కలిసే మనుషులు రోజంతా వెతికినా దొరకరు.

మీ అత్తయ్యగారి విషయానికి వస్తే, మొదటి పరిచయం ఇంట్లో వద్దు. ఎయిర్‌పోర్ట్ నుంచి రాగానే తలుపు తీసి కుక్కను ఎదురు తేకు. మర్నాడు బయట గడ్డి మీద, దూరంగా, లీష్ నీ చేతిలో ఉండగా చూడనివ్వు. మెడలో రేబీస్ టీకా బిళ్ళ చూపించి, టీకా కాగితం కూడా చేతిలో పెట్టు, మన పెద్దవాళ్ళు కాగితాన్ని నమ్ముతారు. దేవుడి మూలకు కుక్క వెళ్ళకుండా, చిన్నపిల్లలకు అడ్డం పెట్టే గేటు ఒకటి బిగించు. మా అత్తగారు నెల రోజులు ముఖం తిప్పుకుని కూర్చున్నారు. ఒక గురువారం దత్తాత్రేయుడి పటానికి బొట్టు పెడుతూ ఆయన కాళ్ళ దగ్గరున్న నాలుగు కుక్కలను చూసి, ‘వీటికీ పెట్టాలి కదే’ అని నాతో అన్నారు. ఆ సాయంత్రం తన చేత్తో చిట్టికి పెరుగన్నం పెట్టారు. ప్రేమ ఎక్కువైతే పాయసం కూడా పెడతారు, జాగ్రత్త. కిస్‌మిస్, ద్రాక్ష, ఉల్లిపాయ, చాక్లెట్ కుక్కలకు విషం. వంటగదిలో తెలుగులో రాసి అంటించు, పక్కింటి పిల్లలకూ చెప్పు.

ఈ రాత్రికి చేయాల్సింది ఒక్కటే. నాలుగు చిన్న కాగితాలు తీసుకో. మూడు పైన, పక్కన ఉన్న ఇళ్ళ తలుపుల కిందనుంచి వెయ్యి, నాలుగోది కంప్లయింట్ ఇచ్చిన కింది ఇంటికి నువ్వే స్వయంగా తీసుకెళ్ళి తలుపు కొట్టి ఇవ్వు. మా కుక్క కొత్తది, నేర్చుకుంటోంది, అరిస్తే ఏ వేళైనా సరే ముందు నాకు ఫోన్ చేయండి అని రాసి, నంబరు వెయ్యి. కుక్క పేరు ఎలాగూ రాస్తావు. దాని పక్కన నీ పేరు కూడా రాయి.